బిల్లు ఆగితే భయమెందుకు?
సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే అన్నిట్లోనూ ఒకటే బెంగ. పార్టీలు కొట్టుకుంటుంటే కరెంటు, పన్ను, పెట్రోలు బిల్లులు ఏమవుతాయని కొందరు, అవి పాసైతే మేమేమవుతామని కొందరు అడిగారు. ఇవ్వగలిగినన్ని జవాబులు ఇక్కడ ఇస్తున్నాను.

ప్ర. రోజూ పదకొండింటికి టీవీ ముందు కూర్చుంటాను. పార్లమెంటు మొదలైన పది నిమిషాలకే ప్లకార్డులు, నినాదాలు. పన్నెండింటికి వాయిదా, రెండింటికి వాయిదా, ఆపైన మర్నాటికి వాయిదా. ముఖ్యమైన బిల్లులన్నీ ఇలా మూలనపడితే దేశం ఏమైపోతుందోనని నిద్ర పట్టడం లేదు. డాక్టరు బీపీ మాత్ర డోసు కూడా పెంచారు.
*- విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం*

జ. మాస్టారూ, ముందు టీవీ కట్టేయండి. దేశం ఎక్కడికీ పోదు. 2010 శీతాకాల సమావేశాలు 2జీ స్పెక్ట్రం కుంభకోణం గొడవలో దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి, అయినా మీ పింఛను ఒక్క నెల ఆగలేదు కదా. బడ్జెట్ నెగ్గకపోతే ప్రభుత్వమే ఉండదు కాబట్టి ఎంత రభసలోనైనా అది గట్టెక్కుతుంది. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు కూడా. సభ వాయిదా పడటం మామూలే. ఆ నినాదాల హోరులోనే ఫలానా బిల్లు మూజువాణి ఓటుతో పాసైందని కింద అక్షరాలు పరుగెత్తాయంటే మాత్రం, ఆ రాత్రి మీకు నిద్ర పట్టకపోయినా తప్పులేదు.

ప్ర. నాకు నాలుగెకరాల పొలం, రెండు బోర్లు. కరెంటు బిల్లు మళ్లీ ఢిల్లీకి వస్తోందని, అది పాసైతే మోటార్లకు మీటర్లు పెట్టి డబ్బులు గుంజుతారని మా ఊళ్లో ఒక పార్టీవాళ్లు అంటున్నారు. అదంతా అబద్ధమని ఇంకో పార్టీవాళ్లు. ఎవరిని నమ్మాలి? ఈ బిల్లు ఆగితే మాకు గండం గడిచినట్టేనా?
*- రైతు, సూర్యాపేట జిల్లా*

జ. మీ స్టార్టర్ డబ్బా పక్కన రేపటికి రేపు ఎవరూ మీటరు బిగించరు, ముందు ఆ భయం తీసేయండి. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని అంశం. చట్టం ఢిల్లీ చేసినా ఉచిత కరెంటు ఇవ్వాలా వద్దా అన్నది మీ రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం. 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం, రాయితీ ఇవ్వదలచుకున్న రాష్ట్రం ఆ సొమ్మును కరెంటు పంపిణీ చేసే డిస్కంకు ముందుగా కట్టాలి. ఇప్పుడున్న పద్ధతి కూడా అదే. కట్టడం ఆలస్యం చేస్తుంటారనుకోండి, అది వేరే కథ.

ఇక ఆ చట్టానికి తెస్తున్న సవరణ బిల్లు సంగతి. 2014 డిసెంబర్ 19న లోక్‌సభలో పెట్టారు. స్థాయీ సంఘం పరిశీలించింది, రాష్ట్రాలు గొణిగాయి, 2019లో సభ రద్దవడంతో బిల్లు పోయింది. 2020 ఏప్రిల్‌లో కొత్త ముసాయిదా వచ్చింది. రాయితీని నేరుగా వినియోగదారుడి ఖాతాలో వేయాలన్న మాట అందులోనే ఉంది, మీ ఊళ్లో రగిలిన భయానికి మూలం అది. దాన్ని వ్యతిరేకిస్తూ తెలంగాణ శాసనసభ ఆ సెప్టెంబర్‌లో తీర్మానం చేసింది. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపాటు కూర్చున్న రైతులకు 2021 డిసెంబర్‌లో కేంద్రం ఇచ్చిన లేఖలోనూ ఈ బిల్లు ప్రస్తావన ఉంది. 2022 ఆగస్టు 8న మరో రూపంలో సభకొచ్చింది, అదే రోజు స్థాయీ సంఘానికి వెళ్లింది, 2024లో సభతోపాటే కాలం చేసింది. 2025 అక్టోబర్‌లో ఇంకో ముసాయిదా విడుదలైంది.

ఒక పార్టీ మొండితనం వల్లే ఇన్నిసార్లు ఆగిందని నేననుకోను. కరెంటు జోలికి వెళ్తే ఏమవుతుందో తెలుగు గడ్డ మీద అందరికీ తెలుసు. చార్జీల పెంపుపై నిరసన 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల దాకా ఎలా వెళ్లిందో, 2004లో ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం ఎవరికి ఎంత బలం తెచ్చిందో ఏ నాయకుడూ మరిచిపోలేదు.

అయితే బిల్లు ఆగితే గండం గడిచినట్టేనా అన్నారు చూడండి, అది మాత్రం కాదు. మీటర్ల మాట వచ్చింది అప్పుల షరతు దారిన. విద్యుత్ సంస్కరణలు చేసే రాష్ట్రాలకు 2021-22 నుంచి నాలుగేళ్లపాటు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అర శాతం అదనంగా అప్పు చేసుకునే వీలిస్తామని కేంద్రం అంది. దానికి మార్కులు వేసే అంశాల్లో వ్యవసాయ మీటర్లు ఒకటి. తెలంగాణ కాదంది. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే సరేనని శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టింది. దీనికి పార్లమెంటులో ఎవరూ ఓటు వేయలేదు, వేయనక్కర్లేదు. తలుపు వేసి ఉంటే కిటికీలోంచి వచ్చే బాపతు ఇది. కాబట్టి మీ కన్ను ఢిల్లీ బిల్లు మీద కాదు, మీ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే జీవోల మీద ఉండాలి. మీ సర్వీసు నంబరుకు బ్యాంకు ఖాతా జత చేయాలని లైన్‌మన్ కాగితం తెస్తే, చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి.

ప్ర. గ్రూప్స్‌కు చదువుతున్నాను. లోక్‌సభ రద్దయితే బిల్లులు చచ్చిపోతాయని ఒక పుస్తకంలో, చావవని మరో పుస్తకంలో ఉంది. పరీక్ష దగ్గరపడింది, తల తిరుగుతోంది.
*- అభ్యర్థిని, అశోక్‌నగర్, హైదరాబాద్*

జ. రెండు పుస్తకాలూ సగం సగం చెప్పాయి, మీ తప్పేమీ లేదు. లోక్‌సభలో పెండింగ్‌లో ఉన్నదీ, లోక్‌సభ ఆమోదించి పంపగా రాజ్యసభలో ఆగిపోయినదీ సభ రద్దుతో మురిగిపోతాయి. రాజ్యసభలోనే పుట్టి లోక్‌సభ గడప తొక్కనిది బతికి ఉంటుంది. సమావేశాలు ముగిసినంత మాత్రాన ఏ బిల్లూ పోదు. ఇదంతా 107వ అధికరణ, ఒక్క పేజీ, గైడు పక్కన పెట్టి అసలుదే చదవండి.

ప్ర. మా ఇంటి కరెంటు బిల్లులో ఇంధన సర్దుబాటు అని ఒక వరస ఉంటోంది. వాడకం పెరగకపోయినా డబ్బు పెరుగుతోంది. కరెంటు చట్టం పార్లమెంటులో ఆగిపోయిందని పేపర్లో చదివాను. చట్టమే రాకపోతే ఈ చార్జీ ఎక్కడ నుంచి ఊడిపడింది? మమ్మల్ని మోసం చేస్తున్నారా? ఎవరినడిగినా నవ్వుతున్నారు.
*- గృహిణి, నెల్లూరు*

జ. అమ్మా, నవ్వినవాళ్లు జవాబు తెలియక నవ్వారు. ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదే. మోసమేమీ జరగలేదు, ఆ వరస నిబంధనల ప్రకారమే పడింది. మీరు అడగాల్సిందల్లా ఆ నిబంధన ఎవరు రాశారని.

చట్టం చేయడం పార్లమెంటు పని. ఇప్పుడున్న 2003 విద్యుత్ చట్టం కింద నిబంధనలు రాసే అధికారం మాత్రం 176వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికే ఇచ్చింది. బిల్లు సభలో పడకేసిన రోజుల్లోనే, 2022 డిసెంబర్ 29న ఒక నిబంధన వచ్చింది. బొగ్గు, కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగితే ఆ తేడాను ఏ నెలకా నెల వినియోగదారుడి బిల్లులో కలిపేయవచ్చన్నది దాని సారాంశం. ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్‌కు 40 పైసల దాకా ముందస్తు అనుమతి లేకుండా వేసుకునే వీలు అలా వచ్చింది. పగలూ రాత్రీ వేర్వేరు రేట్లు, డిస్కంలు బకాయిలను వాయిదాల్లో కట్టడం కూడా ఈ దారిలోనే వచ్చాయి. నిబంధనను 30 రోజులపాటు సభల ముందు ఉంచాలని చట్టం అంటుంది. ఉంచుతారు. చేంతాడంత కాగితాల జాబితాలో అదొకటి, ఎవరూ చూడరు.

పార్టీలు బిల్లును ఆపి విజయం సాధించామంటాయి. పని మాత్రం ఆగదు, దొడ్డిదారి వెతుక్కుంటుంది. ముందు గుమ్మంలో అయితే గట్టిగా మాట్లాడటానికి మీ ఎంపీ అయినా ఉండేవాడు. దొడ్లో ఎవరూ ఉండరు. నాకు ఈ ప్రతిష్టంభన మీద కోపమంతా ఇక్కడే.

మీకు కాస్త ఊరట ఏమిటంటే, ఏడాది చివర ఈ లెక్కను విద్యుత్ నియంత్రణ మండలి సరిచూస్తుంది. ఎక్కువ వసూలు చేస్తే తిరిగి ఇప్పిస్తుంది కూడా. 2025 నవంబర్ నుంచి మీ రాష్ట్రంలో యూనిట్‌కు 13 పైసల చొప్పున అలా తగ్గించారు. సర్దుబాటు వరస ఒక నెల పెరిగి ఒక నెల తగ్గడం మామూలు. పాత సంవత్సరాలకు ట్రూఅప్ పేరుతో రెండో వరస కూడా చేరితే, ఏ సంవత్సరానిదో, ఎన్ని నెలలో మీ ఏఈ గారిని కాగితం మీద రాసి అడగండి.

ప్ర. డిస్కంలో పద్దెనిమిదేళ్లుగా లైన్‌మన్‌గా చేస్తున్నాను. ఆ బిల్లు పాసైతే ప్రైవేటువాళ్లు వస్తారని, మా ఉద్యోగాలు పోతాయని సంఘంవాళ్లు అంటున్నారు. ఇంట్లో చెప్పలేదు. పిల్లల ఫీజులు గుర్తొచ్చి గుండె దడ.
*- విద్యుత్ ఉద్యోగి, వరంగల్*

జ. ఇంట్లో చెప్పండి, ఇది ఒక్కరే మోసే బరువు కాదు, అంత పెద్ద బరువూ కాదు. 2022 బిల్లు చెప్పింది ఒకే ప్రాంతంలో ఇద్దరు ముగ్గురు పంపిణీదారులు ఇప్పుడున్న తీగలనే వాడుకుని కరెంటు అమ్ముకోవచ్చని. తీగలు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నచోటే ఉంటాయి, గాలివానకు తెగితే స్తంభం ఎక్కాల్సింది మీరే. ఎక్కువ రేటు కట్టే ఫ్యాక్టరీలు, మాల్స్ కొత్తవాళ్ల దగ్గరికి పోయి, రాయితీ ఖాతాదారులు మాత్రమే డిస్కంకు మిగిలితే జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారన్నదే సంఘంవాళ్ల అసలు భయం. అది న్యాయమైన భయమే. కానీ ఒకటి గమనించండి. చండీగఢ్ విద్యుత్ శాఖ 2025 ఫిబ్రవరి 1న ప్రైవేటు చేతికి వెళ్లిపోయింది, అంతకు దాదాపు మూడేళ్ల ముందు దాద్రా నగర్ హవేలీ, దమన్ దీవ్ వెళ్లాయి. ఏ సవరణ బిల్లూ పాసవ్వలేదు. మీ దగ్గర కంగారు పడాల్సిన గుర్తు ఢిల్లీ నుంచి రాదు. డిస్కంను ముక్కలు చేస్తూనో, ఒక సర్కిల్‌ను నిర్వహణకు అప్పగిస్తూనో రాష్ట్ర మంత్రివర్గం చేసే తీర్మానమే ఆ గుర్తు.

ప్ర. చీరాలలో బట్టల వ్యాపారం. జీఎస్టీ రావడానికి ఎన్నేళ్లు పట్టిందో మీకు తెలుసు. ఒక పార్టీ తెస్తానంటే ఇంకో పార్టీ అడ్డం పడింది. రేపు ప్రభుత్వం మారితే మొత్తం తిరగతోడేస్తారేమోనని నాకు భయం. వ్యాట్ నుంచి మారినప్పుడే ఆడిటర్‌కు బోలెడు కట్టాను.
*- వ్యాపారి, చీరాల*

జ. మీ దుకాణానికి ఆ ముప్పు లేదు, స్థిమితంగా ఉండండి. ఎందుకు లేదో తెలియాలంటే ఆ ఆలస్యం కథ కాస్త వినాలి, పాత సినిమాలో ద్విపాత్రాభినయంలా ఉంటుంది.

2006 బడ్జెట్‌లో చిదంబరం 2010 ఏప్రిల్ 1 నుంచి జీఎస్టీ అన్నారు. 2011 మార్చిలో రాజ్యాంగ సవరణ బిల్లు వచ్చింది. బీజేపీ పాలిత గుజరాత్, మధ్యప్రదేశ్ ససేమిరా అన్నాయి. బిల్లు 2014 దాకా నానింది, మురిగిపోయింది. ప్రభుత్వం మారింది. అదే జీఎస్టీని 2014 డిసెంబర్ 19న జైట్లీ ప్రవేశపెట్టారు. పైన రైతుకు చెప్పిన కరెంటు బిల్లు సభకొచ్చిందీ ఆ రోజే. ఈసారి అడ్డం పడే వంతు కాంగ్రెస్‌ది. లోక్‌సభ 2015 మేలో ఆమోదించినా, సంఖ్యాబలం లేని రాజ్యసభలో ఏడాదికి పైగా నిలిచిపోయింది. వేషాలు మారాయి, సంభాషణలు అవే.

కానీ ఈ జాగులో రెండు మంచి పనులు జరిగాయి, అవి చెప్పకపోతే అన్యాయం. మొదటిది, రాష్ట్రాల అనుమానం ఉత్తినే పుట్టింది కాదు. కేంద్ర అమ్మకపు పన్నును 4 నుంచి 2 శాతానికి తగ్గించినప్పుడు ఇస్తామన్న పరిహారం సరిగ్గా అందలేదని వాటికి గుర్తుంది. అందుకే పట్టుబట్టి ఐదేళ్ల పరిహారాన్ని, ఏటా 14 శాతం పెరుగుదల లెక్కతో, చట్టంలోనే రాయించుకున్నాయి. రెండోది మీకు నేరుగా తగిలేది. సరుకు రాష్ట్రం దాటితే అదనంగా ఒక శాతం పన్ను అన్న నిబంధన 2014 బిల్లులో ఉంది. కాంగ్రెస్ వద్దంది, చివరికి తీసేశారు. లేకపోతే చీరాల చీర బెంగళూరుకు వెళ్లినప్పుడల్లా ఆ ఒక్క శాతం మీ మీద పడేది.

2016 ఆగస్టు 3న రాజ్యసభలో ఓట్లు లెక్కిస్తే అనుకూలంగా 203, వ్యతిరేకంగా సున్నా. అన్నాడీఎంకే బయటికి వెళ్లిపోయింది, అంతే. సగం రాష్ట్రాల శాసనసభలు కూడా సరేననాలి, అన్నాయి. 2017 జూలై 1న అమల్లోకి వచ్చింది. అందరూ సంతకం పెట్టిన కాగితాన్ని చింపడానికి మళ్లీ అందరూ కావాలి. రేట్లు మారుతుంటాయి, 2025 సెప్టెంబర్ 22న మారినట్టు. అది మామూలు, ఆడిటర్‌కు ఇంకోసారి టీ ఖర్చు, అంతే.

ప్ర. మా ఆయన ఒక పార్టీ, మా తమ్ముడు ఇంకో పార్టీ. పండక్కి కలిస్తే చాలు, అభివృద్ధిని మీవాళ్లే అడ్డుకున్నారంటే మీవాళ్లేనని అరుచుకుని అన్నం దగ్గర నుంచి లేచిపోతున్నారు. రాకపోకలు ఆగిపోతాయేమోనని భయంగా ఉంది.
*- పాఠకురాలు, కరీంనగర్*

జ. చీరాల వ్యాపారికి ఇచ్చిన జవాబు ఇద్దరికీ చదివి వినిపించండి, 2011 దగ్గర మీవారూ, 2015 దగ్గర మీ తమ్ముడూ, లేదా అటుది ఇటుగా, ఒకరి తర్వాత ఒకరు చల్లబడతారు. బూరెలు వడ్డించాక మాత్రం వినిపించకండి.

ప్ర. డీజిల్ ఆటో నడుపుతాను. పెట్రోలు, డీజిల్‌ను జీఎస్టీలో కలిపితే రేటు బాగా తగ్గుతుందని, ప్రతిపక్షాలు అడ్డుకుంటున్నాయని ఒకరు, కేంద్రమే అడ్డుకుంటోందని ఒకరు చెప్తున్నారు. రోజుకు వచ్చేదాంట్లో సగం బంకులోనే పోతోంది. ఇంక ఎప్పటికీ కలపరా?
*- ఆటో డ్రైవర్, విజయవాడ*

జ. మీ కష్టం నిజం, దానికి తీయటి అబద్ధం చెప్పను. దీనికి కొత్త రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఫలానా తేదీ నుంచి అని జీఎస్టీ మండలి సిఫారసు చేస్తే చాలు, ఆ ఏర్పాటు 2016 సవరణలోనే ఉంది. మండలిలో నిర్ణయానికి నాలుగింట మూడొంతుల బలం కావాలి. అందులో కేంద్రానిది మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండొంతులు. అంటే కేంద్రాన్ని కాదని రాష్ట్రాలు చేయలేవు, రాష్ట్రాలు లేకుండా కేంద్రం చేయలేదు. 2021 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు చెప్పినందుకు లక్నో సమావేశంలో చర్చకు పెట్టి, ఇది సమయం కాదని అందరూ కలిసి మూసేశారు. మీ రాష్ట్రం డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు 1 రూపాయి తీసుకుంటోంది. కేంద్రం ఎక్సైజ్ సుంకం విడిగా ఉంది. ఇంత రాబడిని ఏ పార్టీ వదులుకుంటుంది? పార్టీలన్నీ ఒక్క మాట మీద నిలబడిన అరుదైన సందర్భం ఇది, అదీ మీకు వ్యతిరేకంగా. దగ్గర్లో ఆశ పెట్టుకోకండి.

ప్ర. మాది కొవ్వాడ దగ్గర పల్లె. అణు కేంద్రం వస్తుందని పదిహేనేళ్లుగా చెప్తున్నారు, రావడం లేదు. చట్టం అడ్డుగా ఉందన్నారు. ఇప్పుడు కొత్త చట్టం పాసైందట. ఇల్లు కట్టుకోవాలా వద్దా, పిల్ల పెళ్లి ఇక్కడే చేయాలా అని రోజూ గుంజాటన.
*- పాఠకుడు, రణస్థలం మండలం, శ్రీకాకుళం జిల్లా*

జ. పిల్ల పెళ్లి నిశ్చింతగా చేయండి, చట్టం పాసైన మర్నాడే పొక్లెయిన్లు రావు. 2010 అణు బాధ్యత చట్టంలో ఒక కీలక నిబంధన ఉండేది. ప్రమాదం జరిగి, అది యంత్రంలోని లోపం వల్లే అయితే, అణు కేంద్రాన్ని నడిపే సంస్థ ఆ యంత్రం అమ్మిన కంపెనీని పట్టుకునే వీలుండేది. అప్పటి ప్రభుత్వానికి రాజ్యసభలో బలం లేదు కాబట్టి ప్రతిపక్షాలు పట్టుబట్టి పెట్టించిన రక్షణ అది. అందుకే విదేశీ కంపెనీలు వెనకాడాయి, మీ ఊళ్లో పునాది పడలేదు. దాన్ని ఇప్పుడు ‘శాంతి’ అనే పేరుతో వచ్చిన కొత్త అణు చట్టం తీసేసింది. తీసేసిన ప్రభుత్వాన్ని నడిపే పార్టీ, 2010లో దాన్ని పెట్టించిన పార్టీల్లో ఒకటి.

పదిహేనేళ్లు నానిన విషయం 2025 డిసెంబర్ 15న సభకొచ్చి 18కల్లా రెండు సభలూ దాటేసింది. స్థాయీ సంఘానికి పంపమంటే పంపలేదు. 15వ లోక్‌సభలో వందకు 71 బిల్లులు సంఘాలకు వెళ్లేవి, 17వ లోక్‌సభకు వచ్చేసరికి 16కు దిగాయి. సంఘానికి వెళ్తే మీలాంటివాళ్ల మాట వినేవాళ్లేమో, ఆ అవకాశం పోయింది. నన్నడిగితే ఆగిన పదిహేనేళ్లకన్నా ఆ నాలుగు రోజులే ఎక్కువ కంగారు పెట్టాయి.

మీకు మిగిలింది పర్యావరణ అనుమతికి ముందు జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ. కనీసం 30 రోజుల ముందు తెలుగు పేపర్లో ప్రకటన రావాలి. ఆ రోజు మీ ఊరంతా వెళ్లాలి, చెప్పింది రాసుకున్నారో లేదో చూసి రావాలి. పరిహారం, పునరావాసం సంగతి 2013 భూసేకరణ చట్టం చూసుకుంటుంది, కొత్త చట్టం దాన్ని ముట్టుకోలేదు.

ప్ర. మా అబ్బాయి న్యూజెర్సీలో ఉద్యోగం. పోయిన ఏడాది అమెరికా ప్రభుత్వం నెలన్నర మూతపడింది. మళ్లీ మూతపడితే వాడి వీసా రద్దవుతుందా? ఫోన్ చేస్తే ఏమీ కాదమ్మా అంటాడు. నాకు నమ్మకం లేదు.
*- ఓ తల్లి, గుంటూరు*

జ. అమ్మా, ఈసారికి మీ అబ్బాయి నిజమే చెప్పాడు. 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు అక్కడ చాలా కార్యాలయాలు మూసినా, ఉన్న వీసాలు చెల్లాయి, ఉద్యోగాలు నడిచాయి. వంద మంది సెనేట్‌లో మామూలు బిల్లు చర్చ ముగించి ఓటుకు రావాలంటేనే 60 మంది కావాలి. ఖర్చుల బిల్లుకు కూడా అంతే, అందుకే రెండు పార్టీలూ మొండికేస్తే తాళం పడుతుంది. వలసల శాఖ దరఖాస్తు రుసుములతో నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంటుంది. కార్మిక శాఖ ఇచ్చే ఒక ధ్రువపత్రం మాత్రం అప్పుడు ఆగింది. వాడు కంపెనీ మారబోతుంటేనో, హెచ్1బీ గడువు నెల రెండు నెలల్లో తీరబోతుంటేనో మాత్రం ఆ కాగితం ముందే తీసుకోమనండి.

ప్ర. డాలస్‌లో సొంత ఇల్లు. సోలార్ పెట్టిస్తే 30 శాతం పన్ను తగ్గింపు 2032 దాకా ఉంటుందన్నారు. తీరా నేను పెట్టించబోయేసరికి ఎత్తేశారు. చట్టం అంటే ఇంత నిలకడ లేనిదా? మిగతా పన్ను ప్రయోజనాలు కూడా రాత్రికి రాత్రి పోతాయా?
*- పాఠకుడు, టెక్సస్*

జ. మీ నిరుత్సాహం అర్థమైంది, కానీ అన్ని చట్టాలూ ఒక్కలా కట్టరు. 2009లో వాతావరణ బిల్లు ప్రతినిధుల సభలో 219-212తో నెగ్గి సెనేట్‌లో ఓటుకు కూడా రాలేదు. ఆ అనుభవంతోనే 2022లో డెమోక్రాట్లు 60 ఓట్ల అడ్డు దాటే బడ్జెట్ ఉపాయం వాడి, 51-50తో, ఉపాధ్యక్షురాలి ఓటుతో మీ తగ్గింపును 2032 దాకా చట్టంలో పెట్టారు. 2025లో రిపబ్లికన్లు అదే ఉపాయంతో, అదే 51-50తో తీసేశారు. 2025 డిసెంబర్ 31 తర్వాత పెట్టించిన ఇంటి సోలార్‌కు ఆ తగ్గింపు లేదు. పైన జీఎస్టీకి పడ్డ 203-0ను దీని పక్కన పెట్టి చూసుకోండి. ఏ ప్రయోజనమైనా ఒక పక్షం ఓట్లతోనే వచ్చి ఉంటే, ఎన్నికలకు ముందే వాడేసుకోండి.

ప్ర. ఇలాంటివి చదివాక మాలాంటివాళ్లు చేయగలిగిందేమీ లేదనిపిస్తోంది. ఎంపీ పలకడు, పార్టీ ఆఫీసుకు వెళ్లాలంటే భయం. ఓటు ఐదేళ్లకోసారి. మధ్యలో ఏం చేయాలి?
*- చిన్న పరిశ్రమ యజమానురాలు, బాలానగర్*

జ. అలా అనిపించడం సహజం, మీ ఒక్కరికే కాదు. కానీ పార్టీ గడప తొక్కకుండా వెళ్లగలిగే చోటు ఒకటి ఉంది. డిస్కంలు వచ్చే ఏడాది తమ ఖర్చు, కావలసిన రాబడి ఇంత అని ఏటా నియంత్రణ మండలికి లెక్క ఇవ్వాలి, దానికి గడువు నవంబర్ నెలాఖరు. మండలి దాన్ని బయటపెట్టి, అభ్యంతరాలు పిలిచి, బహిరంగ విచారణ జరిపి, తర్వాతే రేట్లు చెప్తుంది. అభ్యంతరం ఎవరైనా రాయవచ్చు. లాయరు అక్కర్లేదు, విచారణలో తెలుగులోనే మాట్లాడవచ్చు. నేను చూసిన విచారణల్లో ముందు వరస కుర్చీలు చాలావరకు ఖాళీగానే ఉండేవి. మీ సర్వీసు నంబరు, ఏడాది బిల్లులు పట్టుకుని ఈసారి వెళ్లండి. నెల్లూరు అమ్మగారు కూడా.